మాంసానికి పొగ పట్టించడానికి ఏ కట్టె? జామ కొమ్మ నుంచి సర్కారు తుమ్మ దాకా

ఇంటి దగ్గర మాంసానికి పొగ పట్టించాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది హికరీ అనే అమెరికా చెట్టు కట్టె. వీడియోల్లో అందరూ దాని పేరే చెబుతారు మరి. ఆన్‌లైన్లో చిన్న సంచీడు హికరీ ముక్కలకు పెట్టే డబ్బుతో ఒక కోడి వచ్చేస్తుంది. అసలు అమెరికా దక్షిణాది రాష్ట్రాల వాళ్లు హికరీ వాడటానికి కారణం అక్కడ ఆ చెట్టు పుష్కలంగా ఉండటమే. టెక్సస్ మధ్య ప్రాంతంలో పోస్ట్ ఓక్ ఎక్కువ, అక్కడి బ్రిస్కెట్‌కి, అంటే ఆవు ఛాతీ మాంసానికి, దాని పొగే. అదే రాష్ట్రంలో పడమటికి వెళ్తే మెస్కీట్. వాషింగ్టన్, ఆరెగాన్ వైపు సాల్మన్ చేపకు ఆల్డర్. హవాయిలో కియావె, జామ. ఎవరి చుట్టుపక్కల ఏ చెట్టు ఉంటే దానితోనే రుచి కుదుర్చుకున్నారు. మనం మాత్రం చింతచెట్టు కింద నిలబడి హికరీ కోసం ఆర్డర్ పెడుతున్నాం.

చెట్టు పేరు కంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి: కట్టె గట్టి జాతిదా, బాగా ఆరిందా, రంగులూ మందులూ తగలనిదా. ఇవి కుదిరితే జామకీ ఆపిల్‌కీ ఉన్న తేడా తినేవాళ్లలో చాలామంది పట్టుకోలేరు. కుదరకపోతే ఎంత ఖరీదైన హికరీ వేసినా మాంసం చేదెక్కుతుంది.

1. ముందు వాడకూడనివి తీసెయ్యండి

కట్టెలో ముఖ్యంగా ఉండేవి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. కాలేటప్పుడు మొదటి రెండూ విడిపోయి మాంసం పైభాగానికి రాగి రంగునీ కాస్త తియ్యటి వాసననీ ఇస్తాయి. పొగ వాసన అని మనం గుర్తుపట్టేది మాత్రం లిగ్నిన్ నుంచి వచ్చే గ్వాయకాల్, సిరింగాల్ లాంటి పదార్థాలది. గట్టి కలప చెట్లలో ఈ రెండూ సమకూరుతాయి. పైన్, దేవదారు లాంటి చెట్లలో జిగురు ఎక్కువ. అది కాలితే నల్లటి మసి లేచి మాంసానికి టర్పెంటైన్ వాసన అంటుకుంటుంది. మన ఊళ్లలో పైన్ చెట్లు లేవు కదా అనుకోకండి. ఫ్రిజ్ వచ్చిన పెట్టె, టైల్స్ వచ్చిన చెక్క ప్యాలెట్లు చాలావరకు ఆ జాతివే. పైగా ప్యాలెట్ మీద ఎంబీ అనే ముద్ర ఉంటే దానికి మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుమందు వాయువు పట్టించారని అర్థం. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. అయినా దాని మీద అంతకుముందు ఏ డబ్బా ఒలికిందో మనకు తెలియదు, కాబట్టి ఏ ముద్ర ఉన్నా ప్యాలెట్ జోలికి పోవద్దు.

ప్లైవుడ్, ఎండీఎఫ్, పాత తలుపులు, రంగు వేసిన కుర్చీ కాళ్లు, రైలు పట్టాల కింది పాత స్లీపర్లు కూడా వద్దు. ప్లైవుడ్‌లో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, స్లీపర్లకు తారు లాంటి క్రియోసోట్ పట్టించేవారు. సామిల్లు పొట్టు ఊరికే ఇస్తామన్నా తెచ్చుకోవద్దు. అందులో టేకు, ప్లైవుడ్, రంపానికి పూసిన నూనె అన్నీ కలిసి ఉంటాయి.

ఇక విషపు చెట్లు. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, జెముడు, ముష్టి, నల్లజీడి. వీటి పుల్ల ఒక్కటి కూడా పొయ్యి దగ్గరకు రాకూడదు. గన్నేరు పెరటి కంచెల్లో ఉంటుంది కాబట్టి, కత్తిరించిన కొమ్మలన్నీ ఒకే కుప్పగా వేసే ఇళ్లలో మరీ జాగ్రత్త. పాలు కారే చెట్టు ఏదైనా సరే, పేరు తెలియకపోతే వదిలెయ్యండి. జీడిమామిడి కూడా వద్దు, దాని పిక్క తొక్కల్లోని నూనె ఒంటికి తగిలితేనే బొబ్బలెక్కుతాయి.

విషం కాకపోయినా పనికిరానివి కొన్ని ఉన్నాయి. వేప పొగ దోమలను తరమడానికి బాగుంటుంది, కోడిని తినడానికి కాదు. నీలగిరి కట్టెలో నూనె వాసన మాంసాన్ని మందుల షాపులా మార్చేస్తుంది. టేకు గట్టిదే కానీ దానిలోనూ నూనెలు ఎక్కువ.

2. మిగిలినవాటిలో మీకు దొరికేది చూసుకోండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది జామ. కొత్త చిగుళ్ల మీదే కాయ కాస్తుంది కాబట్టి జామను ఎలాగూ తరచూ కత్తిరిస్తారు, కొమ్మలకు కొదవ ఉండదు. కట్టె గట్టిది, బెరడు పల్చన, పొగ మెత్తగా వస్తుంది. కాస్త ఎక్కువ వేసినా మాంసం పాడవదు. కోడికీ చేపకూ దీన్ని మించింది మన దగ్గర నాకు కనబడలేదు.

మామిడి కూడా మెత్తటి పొగే, కానీ రెండు షరతులు. బెరడు మందంగా ఉండి నాచు, పొలుసులు పట్టి ఉంటుంది, అది చెక్కెయ్యాలి. రెండోది, మామిడి సొన తగిలితే ఒళ్లు పొక్కేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ కట్టె కాల్చకపోవడం మంచిది, పొగ కూడా వాళ్లకు పడకపోవచ్చు.

బత్తాయి, నిమ్మ కట్టెల గురించి తక్కువమంది ఆలోచిస్తారు. నల్గొండ, అనంతపురం వైపు పాత బత్తాయి తోటలు తీసేసినప్పుడు కట్టె దొరుకుతుంది. అమెరికాలో నారింజ, నిమ్మ కట్టెలను తేలికపాటి పొగ కోసం ప్రత్యేకంగా కొంటారు. చేపకు, రొయ్యకు బాగా కుదురుతుంది.

చింత బరువైన కట్టె. మాంసం కొట్టు దగ్గర కత్తి దెబ్బలన్నీ ఓర్చుకునే మొద్దు చూస్తారే, అది చాలాచోట్ల చింతదే. అంత గట్టిది కాబట్టి చీల్చడం కష్టం, కానీ ఒకసారి నిప్పయ్యాక చాలాసేపు నిలుస్తుంది. మటన్ లాంటి ఎక్కువసేపు ఉడకాల్సినవాటికి దీన్ని వాడతాను. నల్లతుమ్మ కూడా ఇదే కోవ. దాని బెరడులో వగరు ఎక్కువ కాబట్టి బెరడు తీసి వాడాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఊరి చివర చెరువు గట్ల మీద, బంజర్లలో, రోడ్ల పక్కన పిచ్చిగా పెరిగే సర్కారు తుమ్మ, కొన్ని ఊళ్లలో సీమ తుమ్మ అంటారు, అమెరికా మెస్కీట్‌కి సొంత చుట్టం. హవాయి వాళ్ల కియావె కూడా ఈ కుటుంబమే. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాలు. 1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ విత్తనాలు తెప్పించి మెట్ట నేలల్లో వంటచెరకు కోసం నాటించింది. తొలిగా నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. అంటే టెక్సస్ పడమటి రుచికి దగ్గరి కట్టె మనకు దాదాపు 150 ఏళ్లుగా ఉంది, మనం దాన్ని బొగ్గుల బట్టీలకే వదిలేశాం.

అయితే దీనితో జాగ్రత్త. పొగ ఘాటు. మెస్కీట్‌లాగే ఇది కూడా త్వరగా వేడెక్కి కాలుతుంది, గంటల తరబడి దీని పొగే పట్టిస్తే మాంసం చేదెక్కి నాలుక మీద చురచురలాడుతుంది. రెండు రకాలుగా వాడుకోవచ్చు. ఒకటి, పక్కన విడిగా కాల్చి, మంట ఆరి ఎర్రటి నిప్పులయ్యాక ఆ నిప్పుల మీద మాంసం పెట్టడం. రెండోది, జామ ముక్కలు మూడుకు ఇది ఒకటి చొప్పున కలపడం. కొట్టేటప్పుడు ముళ్లు చేతికి గుచ్చుకుంటే వాచి రోజుల తరబడి నొప్పెడుతుంది, మందపాటి తోలు గ్లౌజులు తప్పనిసరి.

జమ్మి కూడా ఈ తుమ్మకు దగ్గరిదే కానీ తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరాకు పూజించే చెట్టు. దాన్ని వంటకు కొట్టే అవసరం మనకు లేదు.

కోస్తాలో అడితిల్లో దొరికే సరుగుడు వేడికి మంచిది, రుచికి ప్రత్యేకంగా ఏమీ ఇవ్వదు. నిప్పుల కోసం అది వాడి, పొగ కోసం పైన జామ వేసుకుంటే ఖర్చు కలిసొస్తుంది. కొబ్బరి చిప్పలు పచ్చిగా కాలిస్తే తారు పొగ వస్తుంది, చిప్పల బొగ్గు అయితే నిక్షేపంగా వాడొచ్చు.

3. మాంసానికీ మసాలాకూ సరిపోయేలా కలపండి

ఏ మాంసానికి ఏ కట్టె అని పుస్తకాల్లో ఉండే పట్టికలు ఉప్పు, మిరియాలు మాత్రమే రాసిన మాంసాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మనం అల్లం వెల్లుల్లి, కారం, ధనియాలు, గరం మసాలా దట్టిస్తాం. దాని ముందు జామ పొగ వినిపించదు. కాబట్టి రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. మసాలా తగ్గించి ఉప్పు, మిరియాలు, కొద్దిగా పసుపుతో సరిపెట్టుకుంటే జామ, బత్తాయి, మామిడి. గుంటూరు కారం పట్టించాల్సిందే అంటే చింత, లేదా తుమ్మ కలిపిన జామ.

చేప, రొయ్యలు అరగంట నుంచి గంటలో అయిపోతాయి, పొగ త్వరగా పీలుస్తాయి. వాటికి ఘాటు కట్టె అస్సలు వద్దు. కోడికి మధ్యరకం దాకా పర్లేదు. మేక మాంసం వాసన గట్టిది, చింత పొగను తట్టుకుంటుంది, కానీ కొవ్వు తక్కువ కాబట్టి పొగలోనే వదిలేస్తే ఎండిపోయి వట్టి తునకలవుతుంది. రెండు గంటలు పొగ పట్టించి తర్వాత ఫాయిల్‌లో చుట్టేయాలి. పంది భుజం అన్నిటికంటే ఓపిక గలది, దానికి ఏ కట్టె వేసినా మన్నిస్తుంది.

4. కట్టె సంపాదించడం

పచ్చని చెట్టు కొట్టొద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చాలా చెట్లు నరకడానికి అనుమతి కావాలి. ఆ పెద్ద పని మనకెందుకు? నెలకు ఒకటి రెండుసార్లు వండేవాళ్లకు ఏడాదికి ఒక బస్తా కట్టె చాలు, అది కత్తిరింపుల్లోనే దొరుకుతుంది. తోట రైతును అడిగేటప్పుడు ఒక్క ప్రశ్న మర్చిపోవద్దు: చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు? మామిడికి పూత సమయంలో వరసగా మందులు కొడతారు. ఈమధ్యే కొట్టారంటే ఆ కొమ్మలు వదిలేసి, ఇంటి పెరటి చెట్లున్నవాళ్లను అడగండి.

కట్టెల అడితికి వెళ్తే కుప్పలోంచి తీసివ్వనివ్వకుండా మీరే ఏరుకోండి. చింత అని ఇచ్చినదానిలో వేప కలవడం మామూలే. అనుమానం వస్తే పైపెచ్చు గోరుతో గీకి వాసన చూడండి, లేదా అగ్గిపుల్లతో ఒక పేడు కాల్చి పొగ ముక్కుకు తగలనివ్వండి. కళ్లు మండినా గొంతు పట్టినా అది మాంసానికి పనికిరాదు.

5. ఆరబెట్టడం

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. దాన్ని నిప్పు మీద వేస్తే వేడంతా ఆ నీళ్లు మరిగించడానికే పోతుంది, మంట చల్లబడి దట్టమైన తెల్ల పొగ లేస్తుంది. ఆ పొగలోని తారు మాంసం మీద నల్లటి పూతలా పేరుకుంటుంది, చేదు అక్కడినుంచే. మరీ ఎండిపోయినా తిప్పలే, కట్టె పొగ రాకుండా భగ్గున మండిపోతుంది. 15 నుంచి 20 శాతం తేమ ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

మణికట్టు లావు ముక్కలుగా చీల్చి, ఇటుకల మీద నేలకు తగలకుండా, గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేర్చండి. పైన రేకు ఉండాలి, పక్కలు మూయకూడదు. టార్పాలిన్‌తో చుట్టూ కప్పితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. బూజు పట్టిన కట్టె వాడొద్దు. మామిడి కత్తిరింపులు కోతలయ్యాక, అంటే వానలు మొదలయ్యే వేళకే వస్తాయి కాబట్టి ఆ కట్టె చలికాలం దాటితే గానీ చేతికి రాదు. వేసవి మొదట్లో చీల్చిన జామ మాత్రం మన ఎండలకు రెండు నెలల్లో సిద్ధమవుతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్ అక్కర్లేదు, వంటింటి త్రాసు చాలు. చీల్చిన రోజే ఒక ముక్క తీసుకుని బరువు తూచి, ఆ అంకె దాని మీదే పెన్సిల్‌తో రాయండి. వారానికోసారి అదే ముక్కను తూచి కింద రాస్తూ పోండి. 200 గ్రాములది మొదట గబగబా దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, 120 దగ్గరికొచ్చి వరసగా రెండు మూడు వారాలు కదలకపోతే కుప్ప మొత్తం ఆరినట్టే. పైగా ఆరిన ముక్క కొసల్లో చక్రం ఆకుల్లా పగుళ్లు కనిపిస్తాయి, రెండు ముక్కలు తాటిస్తే డబ్‌మని కాకుండా ఖణేల్‌మంటుంది.

6. పొయ్యిని బట్టి ముక్క సైజు

మూతున్న గుండ్రటి బొగ్గుల గ్రిల్ అయితే పిడికిలంత ముక్కలు. నిప్పుల మీద ఒక్కోటి ముప్పావు గంట దాకా పొగ ఇస్తుంది. గ్యాస్ గ్రిల్ అయితే వేలెడంత పేళ్లు, ఫాయిల్ పొట్లంలో కట్టి పైన నాలుగైదు బెజ్జాలు పెట్టి బర్నర్ మీద ఉంచాలి. పక్కన మంట పెట్టెతో ఉండే పెద్ద స్మోకర్లో బొగ్గు కాకుండా కట్టే ఇంధనం కాబట్టి, దానికి మోచేతి పొడవు చీలికలు కావాలి. వంటింట్లో పాత ఇనప మూకుడులో చేసేవాళ్లకు రెండు చెంచాల పేళ్లు ఎక్కువే. మూకుడులో ఫాయిల్ పరిచి పేళ్లు వేసి, పైన జాలీ, దాని మీద చేప ముక్కలు, గట్టి మూత. చిమ్నీ వేసి కిటికీలు తెరిచి ఉంచండి. బొగ్గుల పొయ్యి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంట్లో వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

పేళ్లను నీళ్లలో నానబెట్టమని చాలాచోట్ల రాస్తారు. గంట నానినా తడి పైపొరకే, లోపలికి పోదు. మీరు నెలలు పట్టి ఆరబెట్టినదాన్ని మళ్లీ తడిపి, మొదట వచ్చే ఆవిరిని పొగ అనుకోవడమే అవుతుంది. మానెయ్యండి.

7. ముందు గుడ్ల మీద పరీక్ష

కొత్త కట్టెను కిలోల మాంసం మీద ప్రయోగించడం ఎందుకు? నాలుగు గుడ్లు ఉడకబెట్టి పెంకు తీసి తుడిచి, నిప్పుకు దూరంగా జాలీ మీద పెట్టి ఒకే కట్టె ముక్కతో 20 నిమిషాలు పొగ పట్టించండి. తెల్లసొన మీద పొగ రంగు స్పష్టంగా కనిపిస్తుంది. లేత తేనె రంగు తిరిగి, సమానంగా ఉంటే కట్టె, మంట రెండూ సరిగ్గా ఉన్నట్టు. బూడిద రంగు చారలు పడినా, వేలితో రుద్దితే జిడ్డు మసి అంటినా కట్టె పచ్చిది, లేదా గాలి చాలలేదు. తర్వాత సగానికి కోసి ఏమీ చల్లుకోకుండా తినండి. చేదు ఉంటే నాలుకకు ఇట్టే తెలుస్తుంది. శాకాహారులున్న ఇంట్లో ఇదే పరీక్ష ఉడికిన బంగాళదుంపతో, పనీర్‌తో చెయ్యొచ్చు, వాళ్లకూ ఒక వంటకం దొరుకుతుంది.

8. వండే రోజు

నిప్పులు బాగా రాజుకుని పైన బూడిద పట్టేదాకా మాంసం పెట్టొద్దు. కట్టె వేసిన కొత్తలో తెల్లగా గుప్పుమంటుంది, అది తగ్గి పల్చటి నీలిరంగు పొగ వచ్చాక పెట్టండి. పొగ కంటికి కనిపించీ కనిపించనట్టుండి వాసన మాత్రం కమ్మగా ఉంటే అదే సరైన పొగ. మళ్లీ తెల్లబడితే కట్టె తగ్గించడం కాదు, గాలి కన్నాలు తెరవాలి. పై కన్నం ఎప్పుడూ మూయకండి, వేడిని కింది కన్నంతో అదుపు చేసుకోండి.

లోపలి వేడి 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచండి. కిలోన్నర కోడికి రెండు పిడికిలి ముక్కల జామ చాలు. రెండు కిలోల మటన్ భుజానికి మూడు నాలుగు, అవీ మొదటి రెండు గంటల్లోనే. పొగ చల్లటి, తడి మాంసం మీద బాగా పడుతుంది, పైభాగం ఆరిపోయాక కట్టె వేస్తూ పోయినా లాభం తక్కువ. కొవ్వు నేరుగా నిప్పుల మీద కారకుండా కింద నీళ్ల పళ్లెం పెట్టండి. కారిన కొవ్వు మండితే వచ్చే పొగలో బెంజోపైరీన్ లాంటి హానికర పదార్థాలు పెరుగుతాయి. పొగ, ఉప్పులతో నిల్వచేసిన మాంసాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది, అందుకే ఇది పండగ పూట వంటకమే తప్ప రోజూ వండుకునేది కాదు.

ఉడికిందో లేదో రంగు చూసి నిర్ణయించొద్దు. పొగలోని వాయువులు మాంసానికి ఎరుపు రంగునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఉడికిన కోడిని కూడా గులాబీ రంగులోనే ఉంచుతాయి. థర్మామీటర్ గుచ్చి చూడండి. కోడి 74 డిగ్రీలు దాటాలి, మటన్ భుజం పీచులుగా విడిపోవాలంటే 90 దాటాలి. వేడి లేకుండా చల్లటి పొగ పట్టించే పద్ధతులు మన వాతావరణంలో ఇంటి దగ్గర చెయ్యకండి. 4 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉన్న మాంసంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్ల పని సులువు, హార్డ్‌వేర్ షాపులోనే సంచులు దొరుకుతాయి. మన మసాలాకు పెకాన్ బాగుంటుంది, హికరీ కంటే మెత్తగా, ఆపిల్ కంటే నిండుగా. మెస్కీట్‌కి పైన సర్కారు తుమ్మకు చెప్పిందే వర్తిస్తుంది. క్యాంపింగ్‌కి వెళ్లి అక్కడి కట్టెలు కారులో వేరే రాష్ట్రానికి తెచ్చుకోవద్దు. 2002లో మిషిగన్‌లో బయటపడిన పచ్చ పురుగు యాష్ చెట్లను తుడిచిపెడుతూ పాకింది ఇలాంటి కట్టెల్లోనే, చాలాచోట్ల దీని మీద నిబంధనలున్నాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గు గ్రిల్ పెట్టనిస్తారో లేదో కూడా ముందే కనుక్కోండి.

చివరగా రుచి చూసే సంగతి. గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ పూట పొగ తెలియదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. చాలలేదనుకుని ఇంకో ముక్క వేసేది అప్పుడే. పొగ ఎక్కువైందో తక్కువైందో అప్పటిదాకా ఇంట్లోనే ఉన్నవాళ్లతో చెప్పించుకోండి, లేదా ఒక ముక్క ఫ్రిజ్‌లో దాచి మర్నాడు మీరే తినండి. వచ్చేసారి రెండు ముక్కలా మూడా అన్నది దాన్ని బట్టి తేల్చుకోవచ్చు.